రెండు టన్నుల 320 జీడిపప్పుకి ఎన్ని బస్తాల జీడి పిక్కలు?

పలాస, కాశీబుగ్గ జీడి యూనిట్లలో ప్లానింగ్ చాలావరకు ఫోన్లోనే అయిపోతుంది. "రెండు టన్నుల 320, దీపావళి ముందు" అని కొనే పార్టీ అంటుంది, సరేనని యూనిట్ వాళ్లంటారు. 320 అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములు) 300 నుంచి 320 గుండు పప్పులు పడే గ్రేడని అందరికీ తెలుసు. మరి మిగతావి? బద్ద (రెండుగా విడిన పప్పు) ఎంత శాతం వరకు ఒప్పుకుంటారు? తేమ 5 శాతం లోపేనా? పది కిలోల టిన్నా, వాక్యూమ్ ప్యాకెట్టా? చెప్పిన తేదీ లారీ కదిలేదా, వాళ్ల గోడౌన్‌కి చేరేదా? ఒక కాగితం మీద ఒక్కోదానికి ఒక్కో వరుస రాసి, పక్కన అది ఎవరు చూడాలో పేరు పెట్టాలి. "మంచి సరుకు" అని రాయడం దండగ. కొలత లేని మాట గ్రేడింగ్ టేబుల్ దగ్గరకొచ్చేసరికి గొడవవుతుంది.

తర్వాత లెక్క చివరి నుంచి మొదటికి వేయాలి. దెబ్బతినేది ఇక్కడే. 80 కిలోల బస్తాకి 20 కిలోల పప్పు దిగుతుందనుకుందాం. అయితే వంద బస్తాలు చాలనేస్తారు. కానీ ఆ 20 కిలోల్లో 240, 450 గ్రేడులు, బద్ద, ముక్క అన్నీ కలిసే ఉంటాయి. 320 వాటా 30 శాతమైతే బస్తాకి ఆరు కిలోలే, అంటే కావలసినవి 334 బస్తాలు! మిగిలే నాలుగున్నర టన్నుల పైచిలుకు పప్పు ఎవరికి అమ్మాలో కూడా ఈ కాగితం మీదే ఉండాలి. లేదంటే పెట్టుబడి అందులోనే ఇరుక్కుపోతుంది.

ఆ 20, ఆ 30 నోటికొచ్చినట్టు వేసేవి కావు. కిలో పిక్కలు కోసి చూస్తే 272 గ్రాముల మంచి పప్పు వచ్చిందనుకోండి, అది 48 పౌన్ల అవుట్‌టర్న్ (80 కిలోల బస్తాకి దిగే పప్పు, పౌన్లలో). బస్తాకి 21.8 కిలోలన్నమాట. కాకపోతే ఆ తూకం పొరతో, తేమతో కలిపి. బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) ఆరి, పొర ఊడాక తగ్గుతుంది. కోత పరీక్ష కొనేటప్పుడు పనికొస్తుంది, ప్లాన్‌కి మాత్రం మీ పాత లాట్ల రిజిస్టరే ఆధారం. ఉద్దానం పిక్కల అంకెలు ఆఫ్రికా పిక్కలకి పనికిరావు, వాటికి వేరే పేజీ పెట్టండి.

ఇక తేదీ. పని ఎక్కడ నెమ్మదిస్తుందో అక్కడ పట్టుకోవాలి. అది పీలింగ్ (పొర తీయడం) అనుకుందాం. రోజుకి 400 కిలోలైతే, 334 బస్తాలకి దిగే 6,680 కిలోల పప్పుకి 17 పనిరోజులు, మధ్యలో మూడు వారపు సెలవులు. ముందు రోస్టింగ్, కటింగ్, బోర్మాకి మూడు రోజులు, చివర్లో గ్రేడింగ్, ప్యాకింగ్‌కి రెండు. మొత్తం 25. అక్టోబరు 5న లారీ కదలాలంటే సెప్టెంబరు 10కల్లా పిక్కలు గోడౌన్‌లో ఉండాలి. వినాయక చవితి ఆ మధ్యలో పడితే ఇంకా ముందే. కటింగ్ మెషిన్ ఇంకోటి కొన్నా తేదీ కలిసిరాదు, పీలింగ్ దగ్గర గుట్ట పెరుగుతుందంతే.

మధ్యలో పార్టీ "320 వద్దు, 240 ఇవ్వండి" అంటే పాత కాగితం మీద కొట్టివేతలు పెట్టకండి. కొత్తది రాసి, తేదీ వేసి, పాతది షెడ్డులోంచి తీసేయండి. రెండూ తిరుగుతుంటే గ్రేడింగ్ వాళ్లు ఒకటి, ప్యాకింగ్ వాళ్లు ఇంకోటి చూస్తారు. అన్నట్టు, 240 వాటాతో బస్తాల లెక్క మళ్లీ వేశాకే ధర మాట్లాడండి.