119 బస్సులో పక్క సీటు పెద్దావిడ

అమ్మాయి దగ్గర, లండన్ శివారు క్రోయ్‌డన్‌లో రెండు నెలలున్నాను. టవర్ బ్రిడ్జి, మ్యూజియాలు అన్నీ చూశాం, వాటి ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నాకు రాయాలనిపించేది పర్లీ వే వైపు వెళ్ళే 119 బస్సు గురించే. నేనున్నప్పుడు ఎక్కితే చాలు ఒకటీ ముప్పావు పౌండు, మన డబ్బుల్లో దాదాపు 200. నాలుగు స్టాపులకైనా అంతే! మన వైజాగ్‌లో కాంప్లెక్స్ నుంచి గాజువాకకి అంత అడిగితే ఊరుకుంటామా?

ఆ రోజు వాడన్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. నా సంచిలో అరటిపళ్ళున్నాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ వాటినే చూస్తూ, నేను మొదటిసారి అరటిపండు తిన్నది తొమ్మిదేళ్ళప్పుడు అంది. 1937లో పుట్టిందట. రెండో ప్రపంచ యుద్ధంలో అరటిపళ్ళ ఓడలు ఆపేశారు, 1946లో వాళ్ళింటికి ఒకే ఒక్క పండు వస్తే వాళ్ళమ్మ ప్లేటులో పెట్టి నాలుగు ముక్కలు కోసిందట. స్వీట్ల మీద రేషన్ తీసేసింది 1953 ఫిబ్రవరిలో, అప్పటికి ఈవిడ చిన్నపిల్లే కాదు. పెరట్లో గెల వేస్తే ఇరుగూపొరుగుకి పంచే ఇంట్లో పెరిగినదాన్ని, నోట మాట రాలేదు నాకు.

తర్వాత ఆవిడే చెప్పుకుంటూ పోయింది. పెరట్లో గొయ్యి తవ్వి, ముడతల ఇనప రేకులు బిగించి, పైన మట్టి కప్పిన ఆండర్సన్ షెల్టర్, బాంబులు పడేటప్పుడు దాక్కునే చోటు. ఆరుగురు పట్టాలి. సైరన్ మోగితే దుప్పట్లతో అందులోకి. లోపల ఎప్పుడూ నీళ్ళు ఊరేవట, వాళ్ళ నాన్న పొద్దున్నే బకెట్‌తో తోడిపోసి పనికి వెళ్ళేవాడట. బాంబుల కంటే ఆ తడి వాసనే ఎక్కువ గుర్తుంది అంది. 1944 జూన్ నుంచి పైలట్ లేని బాంబులు, డూడుల్‌బగ్‌లు, మొదలయ్యాయి. మోటార్‌సైకిల్ లాగా గడగడమని వస్తాయి, ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ భయం లేదట, ఆగిపోతేనే భయం, ఆగాక పన్నెండు లెక్కపెట్టేలోపు ఎక్కడో పడుతుంది. లండన్‌లో అన్నిటికంటే ఎక్కువ పడింది క్రోయ్‌డన్‌లోనే, సుమారు 140. ఇప్పటికీ ఫ్రిజ్ మోటారు ఆగితే లెక్కపెడతాను అంటూ వేళ్ళు మడిచి చూపించింది.

బస్సు కదిలింది. పాత ఎయిర్‌పోర్ట్ బిల్డింగు రాగానే కిటికీలోంచి చూపించింది. 1940 ఆగస్టు 15 సాయంత్రం దాని మీదా, చుట్టుపక్కల ఫ్యాక్టరీల మీదా బాంబులు పడి 60 మందికి పైగా చనిపోయారు. తనకి మూడేళ్ళు, ఏమీ గుర్తులేదు, వాళ్ళమ్మ చెప్పిందే. దిగబోతూ, "అప్పుడు మీవాళ్ళు ఎక్కడున్నారు?" అని అడిగింది.

వైజాగ్ అన్నాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీదా, కాకినాడ మీదా బాంబులేశాయని చెప్పాను, అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నానమ్మ "బాంబులేసిన ఏడు" అని ఎన్నిసార్లో అనేది, పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ దాన్ని బట్టే లెక్క, ఒక్కసారైనా కూర్చుని అడగలేదు నేను. ఆ బాధతో ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

పొద్దున్నే పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయనకీ 1942లో ఆరేళ్ళే. "అదేటమ్మా, ఇన్నాళ్ళకి అడుగుతున్నావు" అన్నారు. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి ఎడ్లబండి ఎక్కి అనకాపల్లి వైపు పోయారట. వానలు పడ్డాక తిరిగొస్తే, తాతయ్య బాంబులకని పెరట్లో తవ్వించిన గొయ్యి నిండా నీళ్ళు, కప్పలు. "మీ నాన్నింకా పుట్టలేదు, నేనూ చిన్నత్తా అందులో కాగితం పడవలేసీవోళ్ళం" అన్నారు.