ఏవీఎం టాపిక్ వదిలేయమన్నవాళ్లందరికీ

మెడికల్ పీజీ ఎంట్రన్స్ రిజల్ట్ వచ్చింది, కోరుకున్న బ్రాంచ్ దొరికే ర్యాంకే వచ్చింది. నిన్నటి నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే: "టైం లేదు, వాస్క్యులర్ అనామలీస్ వదిలేయొచ్చా?" అంటే రక్తనాళాల లోపాలు, వాటిలో ఒకటే ఏవీఎం (ఆర్టీరియోవీనస్ మాల్‌ఫార్మేషన్). వదలొద్దు. ఎందుకో చెప్తాను.

చాలాకాలం నేనూ దాన్ని టేబుల్‌గానే బట్టీ పట్టాను. ఒక కాలమ్‌లో క్లిప్పెల్-ట్రెనోనే, పక్కన పార్క్స్ వెబర్, రెండూ రక్తనాళాల లోపాలతో కాలు లావయ్యే సిండ్రోమ్‌లు. రాత్రి చదివితే పొద్దున్నకి రెండూ కలిసిపోయేవి. ఒకరోజు టేబుల్ మూసేసి ఒక్క వాక్యం రాసుకున్నా: ఏవీఎంలో ధమని రక్తం క్యాపిలరీల్లోకి (సన్నని రక్తనాళాల్లోకి) వెళ్లకుండా నైడస్ (చిక్కుపడ్డ రక్తనాళాల ముద్ద) గుండా నేరుగా సిరలోకి పోతోంది. అలా పోతే ఏమవుతుంది?

చర్మం ఎర్రగా, వెచ్చగా ఉంటుంది. చెయ్యి పెడితే థ్రిల్ (అదురు), స్టెతస్కోప్ పెడితే బ్రూయి (హోరు). ధమని ప్రెజర్ తగిలిన సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. చిన్నపిల్లల కాలికి వెరికోస్ వెయిన్స్ ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది. వీనస్ హైపర్‌టెన్షన్ (సిరల్లో ఎక్కువ ప్రెజర్) వల్ల చర్మం నల్లబడి పుండు పడుతుంది. చివరలకు వెళ్లాల్సిన రక్తం దారిలోనే మళ్లిపోతుంది కాబట్టి వేళ్లకు నొప్పి, అల్సర్, ఒక్కోసారి గ్యాంగ్రీన్. ఎదిగే వయసులో రక్తప్రవాహం ఎక్కువైన ఎముక పొడవు పెరుగుతుంది, అందుకే ఒక కాలు రెండోదానికంటే పొడవు. ఇదంతా మోస్తున్న గుండె చివరికి ఫెయిల్ అవుతుంది.

ఇంతవరకు రాసి చూస్తే ఏవీఎం తీవ్రతను చెప్పే షోబింగర్ నాలుగు స్టేజీలూ అందులోనే ఉన్నాయి. ఎర్రటి వెచ్చటి మచ్చ ఒకటి, పెరుగుదల, థ్రిల్ రెండు, పుండు, రక్తస్రావం మూడు, హార్ట్ ఫెయిల్యూర్ నాలుగు. నికోలడోని-బ్రాన్‌హామ్ సైన్ కూడా అంతే. ఫీడర్‌ని (నైడస్‌కి రక్తం తెచ్చే ధమనిని) నొక్కితే షంట్ (ఆ అడ్డదారి ప్రవాహం) ఆగి పెరిఫరల్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, బీపీని పసిగట్టే బారోరిసెప్టర్లు పల్స్‌ని తగ్గిస్తాయి. ఎంబీబీఎస్ మొదటేడాది ఫిజియాలజీయే కదా!

ఆ రెండు సిండ్రోమ్‌ల తికమక కూడా అప్పుడే పోయింది. రెండింట్లోనూ ఎర్రమచ్చ, లావైన కాలు ఉంటాయి, ఆప్షన్లలో మనల్ని పడేసేది అదే. థ్రిల్ ఉందా అని ముందు వెతకండి. ఉంటే ఫాస్ట్ ఫ్లో, పార్క్స్ వెబర్, ఆర్‌ఏఎస్‌ఏ1 జీన్. లేకుండా కాలి బయటివైపు పెద్ద సిర, లింఫాటిక్ బొబ్బలు ఉంటే స్లో ఫ్లో, క్లిప్పెల్-ట్రెనోనే, పీఐకే3సీఏ జీన్.

మిగతాది గబగబా. 1982లో మల్లికెన్, గ్లోవాకీ ట్యూమర్లనీ మాల్‌ఫార్మేషన్లనీ విడదీశారు, ఇస్వా (రక్తనాళ లోపాల అంతర్జాతీయ సంఘం) వర్గీకరణకి పునాది అదే. ఇన్ఫాంటైల్ హెమాంజియోమా (పసిపిల్లల రక్తనాళ గడ్డ) పుట్టిన కొన్ని వారాల్లో పెరిగి, తర్వాత కరిగిపోతుంది, గ్లట్1 అనే ప్రోటీన్ పాజిటివ్. ఏవీఎం మాత్రం దానంతటది పోదు. యవ్వనారంభంలో, గర్భం వచ్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు విజృంభిస్తుంది. యువకుడికి ఒకే కాలి మీద కపోసీ సార్కోమా (ఒక రకం క్యాన్సర్) లాంటి ఊదారంగు ప్లాక్‌లు ఉండి, కింద ఏవీఎం ఉంటే స్టూవర్ట్-బ్లూఫార్బ్. డాప్లర్‌లో లో-రెసిస్టెన్స్ వేవ్‌ఫామ్, ఎంఆర్ఐలో ఫ్లో వాయిడ్స్ (వేగంగా పారే రక్తం నల్లగా కనిపించడం).

ట్రీట్‌మెంట్‌లో ఒక్కటి గట్టిగా పట్టుకోండి: ఫీడర్ ఆర్టరీని లైగేట్ చేయకూడదు (కట్టేయకూడదు). నైడస్ అలాగే ఉంటుంది, కొల్లాటరల్స్ (పక్కదారి రక్తనాళాలు) పుట్టుకొస్తాయి, పైగా రేపు ఎంబొలైజేషన్‌కి (లోపలి నుంచి మూసేయడానికి) కాథెటర్ వెళ్లే దారి మూసేసినవాళ్లమవుతాం. నైడస్‌ని ఎంబొలైజ్ చేయడం, వీలైతే ఆ వెంటనే పూర్తిగా తీసేయడం, అదీ వరుస.

"ఇంత చిన్న టాపిక్‌కి అంత టైమా?" అని నన్ను ఎగతాళి చేసినవాళ్లున్నారు. టైం వృథా చేశానని ఇప్పటికీ అనుకోను. రోజూ ఫోన్ పక్కన పడేసి కూర్చోగలిగితే ఏ టాపికూ చిన్నది కాదు, పెద్దదీ కాదు. కూర్చోలేనివాళ్లే "హై యీల్డ్" లిస్టులు వెతుక్కుంటారు. కోపం వస్తే రానివ్వండి, నాకు ర్యాంకు తెచ్చింది ఆ లిస్టులు కాదు.

నోట్స్ పీడీఎఫ్ అడుగుతున్నారు, పంపను. తెల్ల కాగితం మీద ఒక ధమని, ఒక సిర, మధ్యలో నైడస్ మీరే గీసి, బాణాలు వేసుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా ఆగిపోతే ఆ ఫొటో పంపండి, తప్పకుండా చూస్తాను.