బేతంచెర్ల బండల మీద మధ్యాహ్నం నిద్ర

బెంగళూరులో మెత్తటి పరుపు కొన్నాను, ఈఎంఐ ఇంకా నడుస్తోంది. నిద్ర మాత్రం కర్నూలులో ఉత్త నేల మీదే పడుతుంది. మా వసారాలో పరిచినవి బేతంచెర్ల బండలు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినా, తడిగుడ్డతో తుడిచి దిండొకటి వేసుకుంటే చాలు. ఫ్యాన్ కటకటమంటూనే ఉంటుంది. ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఈ వసారాలోకే వచ్చాయి. పాతబస్తీ మునిగిపోయింది. వరద తీశాక ఇంటినిండా బురద. బియ్యం బస్తా ఉబ్బి పగిలిపోయింది, పెళ్లి ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అమ్మ ఏడవలేదు. పారతో బురద ఎత్తిపోసి, ఒక్కో బండనూ చీపురుతో రుద్దింది. సందుల్లో మట్టి గీకడానికి నాయన పాత స్క్రూడ్రైవర్ వెతికిచ్చాడు. బీరువా వెనక గోడ మీద ఆ నీటి చార ఇప్పటికీ ఉంది. సున్నం వేసేటప్పుడు ఆ చోట బ్రష్ పెట్టనివ్వడు. ఎందుకో అడిగితే చెప్పడు.

"ఇద్దరూ బెంగళూరు వచ్చేయండి, మూడో అంతస్తు, వరద భయం లేదు" అన్నాను. అమ్మ నవ్వింది. "పాలు తోడేసేదానికి పెరుగు లేకపోతే ఆడ ఎవరి తలుపు కొట్టల్ల రా?"

పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియనివాణ్ణి, ఏం జవాబు చెప్తాను? పైగా ఉగ్గాని, బజ్జీ ప్లేటు ముందు పెట్టింది. సోమవారం కూడా లీవు కావాలని మేనేజర్‌కు మెసేజ్ పెట్టేశాను.