ఆటోనగర్ పందెంకోడి

నిన్న మా అక్క కొడుకు కాలేజీ ఫెస్ట్‌లో రోబోల కుస్తీ చూశాను. వాళ్లది 15 కిలోల రోబో. బ్లేడు బెజవాడ ఆటోనగర్‌లో లేత్ మీద చేయించారు. రెండు నెలల కష్టం. ఆట నిమిషంలోపే అయిపోయింది. అవతలిది కింద నుంచి ఎత్తి పడేస్తే, మనది వెల్లకిలా పడి చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది. "పోనీలేరా" అన్నాను. "బ్యాటరీ పొగలొస్తోంది, ముందు నువ్వు పక్కకి జరుగు మామయ్యా" అన్నాడు!

అరుపులు మాత్రం సంక్రాంతి బరిలో ఉన్నట్టే. రక్తం లేదు, అదొక్కటే నయం.

ఇది క్రికెట్‌లా ప్రపంచమంతా చూసే ఆట అవుతుందా అని దారంతా ఆలోచించాను. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి పెద్ద పోటీ జరిగింది. తర్వాత ఇంగ్లండ్ టీవీలో, 2000 నుంచి అమెరికా టీవీలో బాటిల్‌బాట్స్ పేరుతో వచ్చింది. ఇప్పుడక్కడ ఒక్కో రోబో 250 పౌండ్ల దాకా, అంటే దాదాపు 113 కిలోలు. ఆట మూడు నిమిషాలు. చూడటానికి భాష అక్కర్లేదు, రూల్స్ తెలియక్కర్లేదు. టీవీకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ క్రికెట్‌కి ఒక బ్యాటు, సందు చాలు. దీనికి బుల్లెట్‌ప్రూఫ్ అద్దాల్లాంటి పాలీకార్బొనేట్ పంజరం కావాలి. ఒక్కోసారి గెలిచినవాడి మోటారు కూడా కాలిపోతుంది. చూసేవాళ్లు కోట్లలో ఉండొచ్చు, ఆడేవాళ్లు మాత్రం ఎప్పటికీ కొందరే అనిపిస్తోంది.

ఇంతలో వాడి మెసేజ్: ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్‌కి వెళ్తారట, కొత్త మోటారుకి డబ్బులు కావాలట.