అద్దంలో అన్నయ్య చూపు

బైక్ మీంచి పడ్డ పదకొండో రోజున అన్నయ్య కళ్లు తెరిచాడు. ఐసీయూ బయట మేమంతా ఏడ్చేశాం, గండం గడిచిందనుకున్నాం. కానీ ఆ కళ్లు ఎవరినీ చూడలేదు. అరచేతిలో చెయ్యి పెడితే వేళ్లు బిగుసుకునేవి. అది రిఫ్లెక్స్, తనకు తెలియకుండానే జరిగేది అన్నారు. కోమాలో కళ్లు మూసుకునే ఉంటాయని, అవి తెరుచుకున్నంత మాత్రాన స్పృహ వచ్చినట్టు కాదని అప్పుడే తెలిసింది.

ఐదో వారంలో అక్కడి డాక్టరు "వెజిటేటివ్ స్టేట్. కళ్లు తెరిచినా స్పృహ లేదు. ఇంతకంటే మార్పు రాదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. రౌండ్స్‌లో మంచం పక్కన రెండు నిమిషాలు నిలబడి, రెండుసార్లు పేరు పెట్టి పిలిచి తేల్చిన మాట అది. ఆ తొందర మీద నాకు ఇప్పటికీ కోపమే.

వదిన మాత్రం "నేను అటు నడిస్తే ఆయన చూపు నా వెంటే వస్తోందయ్యా" అనేది. పాపం, ఆశ కొద్దీ అలా అనిపిస్తోందనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత ఆమెకు క్షమాపణ చెప్పాను.

ఇంకో ఊళ్లో రిహాబ్ సెంటర్‌లో చేర్చాం. అక్కడి డాక్టరమ్మ ముందుగా మందుల చీటీ చూసి, మత్తు కలిగించేవి ఏవేవి ఉన్నాయో అడిగారు. తర్వాత "రోజులో ఎప్పుడు బాగా మెలకువగా ఉంటాడమ్మా?" అని వదిననే అడిగారు. పొద్దున ఒళ్లు తుడిచాక, తొమ్మిదింటికి అంది వదిన. సరిగ్గా ఆ టైముకే వచ్చారు.

ఆవిడ చేతిలో చిన్న అద్దం. అన్నయ్య ముఖానికి జానెడు దూరంలో పెట్టి, మెల్లగా కుడికీ ఎడమకీ జరిపారు. మనిషి ముఖం కన్నా, వస్తువు కన్నా, తన ముఖం తనకే కనిపిస్తే చూపు తొందరగా పట్టుకుంటుందట. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. ఒక్కసారి చూసి తేల్చకూడదు, రెండు వారాల్లో ఐదుసార్లైనా చూడాలన్నారు. మూడోసారి అద్దం కదిలింది, దాంతోపాటే అన్నయ్య నల్లగుడ్లూ కదిలాయి. వదిన నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగిపోయాయి.

ఈ పరీక్ష పేరు కోమా రికవరీ స్కేల్ రివైజ్డ్. మొత్తం 23 మార్కులు. అయితే అద్దం వెంట చూపు పోవడమొక్కటి చాలు, మినిమల్లీ కాన్షస్ స్టేట్, అంటే కొద్దిగానైనా స్పృహ ఉన్న స్థితి అని రాయడానికి. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, డాక్టర్లు వెజిటేటివ్ అనుకున్న 44 మందిని ఈ స్కేలుతో చూస్తే 18 మందిలో స్పృహ జాడలు కనిపించాయట. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం ఇంటికి తీసుకెళ్లిపోయి ఉంటే?

ఎప్పటికి కోలుకుంటాడని అడిగితే ఆవిడ తేదీ చెప్పలేదు. తలకు దెబ్బ తగిలినవాళ్లకి, గుండె ఆగి మెదడుకు ఆక్సిజన్ అందనివాళ్లకన్నా అవకాశం ఎక్కువని, ఏడాది దాటాక కూడా కొందరిలో మార్పు వస్తుందని మాత్రం చెప్పారు. అందుకే 2018 అమెరికా మార్గదర్శకాల్లో వెజిటేటివ్ స్టేట్‌కి ముందు వాడే 'శాశ్వత' అనే మాట తీసేసి 'దీర్ఘకాలిక' అని పెట్టారట. అమాంటడిన్ అనే మందు మొదలుపెట్టారు. అన్నయ్యకు దానివల్లే మేలు జరిగిందని నేను చెప్పలేను.

ఇప్పటికి పద్నాలుగు నెలలు. అన్నయ్య నడవడు, మాటా లేదు. గొంతు పరీక్ష చేశాక మెత్తటి పెరుగన్నం పెట్టొచ్చన్నారు. నిన్న మూడు చెంచాలు మింగాడు. నాలుగోది నోటి దగ్గరికి తెచ్చి "ఇంకొంచెం?" అంది వదిన. అన్నయ్య తల పక్కకి తిప్పేశాడు.