గండికోటలో ఆరంగుళాల గుంత: మూడోసారీ ఓటమే

మూడో ట్రిప్పు కూడా తుస్సుమంది. డేరా గురించో వంట గురించో కాదు, గుంత గురించి. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్ళే పని ఉంది చూశారూ, అది. మొహమాటపడితే ఇది రాయడం కుదరదు.

ఆరుబయట డేరా వేసుకున్నప్పుడు గుంత తీసి మలం పాతిపెట్టాలి, దానికి క్యాంపింగ్ వాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది. నీటికీ దారికీ డేరాకీ 200 అడుగుల ఎడం, 6 నుంచి 8 అంగుళాల లోతు. ఆ అంకెలు వేసినవాళ్ళు ఎర్రమల కొండల మీద ఒక్క పొద్దున కూడా కూర్చుని ఉండరు. పెన్నా లోయ అంచున ఉన్నదంతా ఎర్రరాతి పలకలే. మధ్యమధ్య మట్టి ఉంటుంది గానీ దోసె మీద కారం పూసినంతే.

కోటగోడకి కిలోమీటరు పైన ఎడంగా దిగాం. చీకటి పడకముందే చోటు చూసుకోవాలని స్టీలు స్కేలు పట్టుకుని బయల్దేరాను. మొదటి గుంత 4 సెంటీమీటర్లకే టంగుమంది. పదడుగులు జరిగితే 7. రేగుచెట్టు మొదట్లో ఆకు రాలి మెత్తగా ఉంటుందని ఆశపడితే 9 దగ్గర వేళ్ళు, వాటిని తెంచడం ఇష్టంలేక వదిలేశాను. నాలుగోది పలకల మధ్య నెర్రెలో 11 దాకా దిగింది గానీ అరచెయ్యి పట్టనంత సన్నం. కావలసింది 15. మా బామ్మర్దిది ప్రొద్దుటూరు. చేతులు కట్టుకుని చూస్తూ, "బావా, ఈడ నీ చెంచా పనికి రాదు, గడ్డపార కావల్ల" అన్నాడు.

అయిదో గుంత 18 సెంటీమీటర్లు దిగింది! ఎగిరి గంతేశాను. తలెత్తి చూస్తే నేను నిలబడ్డది ఎండిపోయిన వంకలో. వానకి కొట్టుకొచ్చిన ఒండ్రు గనకే అంత మెత్తన. వానొస్తే నేను పాతినదంతా నేరుగా పెన్నాలోకే. అంటే ఈ కొండ మీద మట్టి ఉన్నచోట పాతకూడదు, పాతదగ్గ చోట మట్టి లేదు. ఉన్న మట్టిని నీళ్ళే పల్లానికి ఈడ్చుకుపోతే మెట్టలో ఇంకేం మిగులుతుంది!

ఇంతలో మేకల కాపరి పెద్దాయన ఆగి, "ఏం నాయినా, నిధి కోసరమా?" అన్నాడు. నవ్వాడు గానీ సగం అనుమానంగానే. కోట దాపున సాయంత్రంపూట గుంత మీద గుంత తవ్వేవాణ్ణి ఎవరైనా అలాగే అనుకుంటారు.

పోనీ 9తో సరిపెట్టుకుందామా అంటే రెండో ట్రిప్పులో అదీ చూశాను. మట్టి కప్పి పైన రాయి పెట్టాను. తెల్లారేసరికి కుక్కలు రాయి దొర్లించి తిరగతోడేశాయి. లోతు తక్కువ కావడం ఒక కారణం, తడి ఇంకొకటి అయ్యుంటుంది. కాగితం వాడేవాళ్ళ లెక్కలో కడుక్కునే నీళ్ళు ఉండవు కదా. నేను పోసిన అరలీటరు ఆ చిన్న గుంతలో నాలుగు నిమిషాలు అలాగే నిలిచింది. ఇప్పుడు సీసా మూతకి సూదితో అయిదు బెజ్జాలు పెట్టాను, 220 మిల్లీలీటర్లతో పని అయిపోతోంది.

అసలు పాతితే కుళ్ళిపోతుందనే నమ్మకమే కొంచెం అనుమానం. 1980ల మొదట్లో అమెరికాలో మోంటానా కొండల్లో పాతిపెట్టి చూస్తే, చలికాలం గడిచాక కూడా అందులోని బ్యాక్టీరియా బతికే ఉంది. అక్కడ చలి, ఇక్కడ ఎండ, పోలిక పూర్తిగా కుదరదనుకోండి. కానీ చెమ్మ లేని ఈ నేలలో త్వరగా మట్టయిపోతుందని నేనైతే నమ్మను.

పనిముట్ల సంగతి: వేలు పోసి తెప్పించుకునే టైటానియం పార ఇక్కడ దండగ. ప్లాస్టిక్‌ది మొదటి ట్రిప్పులోనే వంగిపోయింది. కలుపు తీసే తొలికే నయం.

మిగతావన్నీ బాగానే జరిగాయి. పులిహోర, పెరుగన్నం ఇంటినుంచే తెచ్చుకున్నాం గనక గిన్నెలు తోమే పని లేదు, మంట వెయ్యలేదు. మేకులు దిగకపోతే డేరా తాళ్ళు నీళ్ళ క్యాన్లకే కట్టాం, రాళ్ళు కదపలేదు (కదిపితే తేళ్ళు).

ఇక పాతడం మానేసి మోసుకొచ్చేయడమే. కాలిఫోర్నియాలో మౌంట్ విట్నీ ఎక్కేవాళ్ళు సంచుల్లో కిందికి తెచ్చుకోవాల్సిందే, 2024 నుంచి ఎవరెస్టు మీదా ఆ నిబంధన పెట్టారు. అలా మోసుకురావడానికి డబ్బాలా ఉంటుందని నాలుగంగుళాల పీవీసీ పైపు 30 సెంటీమీటర్లు కోయించి, ఒకవైపు మూత అంటించి, రెండోవైపు మర మూత బిగించాను. 640 గ్రాములు తూగింది. వాసన ఆగుతుందో లేదో చూద్దామని 300 గ్రాముల దోసెపిండి పోసి ఆరుగంటలు మేడమీద ఎండలో పెట్టాను. బయటికి వాసన లేదు. మూత తిప్పగానే మాత్రం బుస్సుమని చొక్కా నిండా చిమ్మింది. అమ్మ ఇంకా మాట్లాడటం లేదు, పిండి దండగైనందుకు.

గాలి పోయే దారి పెట్టాలి, వాసన పోకూడదు. మూతకి చిన్న బెజ్జం వేసి లోపల బొగ్గుపొడి మూట కడదామనుకుంటున్నా. పైన చల్లడానికి రంపప్పొట్టు బాగుంటుంది గానీ ఇంటికొచ్చి కమోడ్‌లో పోస్తే అడ్డం పడుతుందేమో, బూడిదతో చూస్తాను. ఆదివారం మళ్ళీ మేడమీదే, ఈసారి కొన్న పిండితో.