బంగారం కన్నా స్టీల్‌కు ఎక్కువ ధర పలికే చోటు

2019 నవంబర్ 9న జెనీవాలో జరిగిన ఓన్లీ వాచ్ వేలంలో ఒక చేతి గడియారం 3.1 కోట్ల స్విస్ ఫ్రాంకులు పలికింది. అది స్విస్ గడియారాల కంపెనీ పటేక్ ఫిలిప్ వారి గ్రాండ్‌మాస్టర్ చైమ్, మోడల్ 6300ఏ. కేస్‌లో, అంటే బయటి తొడుగులో, బంగారం లేదు, ప్లాటినం లేదు, ఉన్నది స్టెయిన్‌లెస్ స్టీల్. ఇదే గడియారాన్ని కంపెనీ వైట్ గోల్డ్‌లోనూ చేసి అమ్మింది. స్టీల్‌లో చేసింది ఒక్కటే. ఆ సంగతి డయల్ మీదే ‘ది ఓన్లీ వన్’ అని రాసి ఉంటుంది. అయితే ఓన్లీ వాచ్ అన్నది ధర్మార్థం జరిపే వేలం. వచ్చే సొమ్ము డూషెన్ కండర క్షీణత మీద పరిశోధనకు వెళ్తుంది. కొన్నవారి ధరలో విరాళం కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ అంకెను మామూలు వేలాల పక్కన నేరుగా పెట్టి చూడకూడదు.

వ్యాపారపు వేలంలో వచ్చిన ధర చూడాలంటే హెన్రీ గ్రేవ్స్ సూపర్‌కాంప్లికేషన్ దగ్గరికి రావాలి. గ్రేవ్స్ అనే అమెరికన్ బ్యాంకరు 1925లో పటేక్‌కు ఆర్డర్ ఇస్తే 1933లో చేతికి అందిన జేబు గడియారం ఇది. 920 భాగాలు, 24 కాంప్లికేషన్లు. అంటే గంటలు నిమిషాలు చూపడం కాక చేసే అదనపు పనులు అన్నమాట. 2014లో సుమారు 2.32 కోట్ల ఫ్రాంకులకు అమ్ముడైంది. అదే ఏడాది గ్రాఫ్ నగల సంస్థ 110 క్యారెట్ల రంగు వజ్రాలు పొదిగిన హాల్యూసినేషన్ అనే చేతి గడియారానికి 5.5 కోట్ల డాలర్లు ధర కట్టింది. అత్యంత ఖరీదైన గడియారాల జాబితాల్లో దాన్నే మొదట వేస్తుంటారు. నేనలా వేయను. అది అమ్మేవారు అడిగిన ధర, పైగా దాని విలువంతా రాళ్ళది. వజ్రాలు ఊడదీసి అమ్మినా వాటి విలువ వాటికుంటుంది. గ్రేవ్స్ గడియారాన్ని విప్పితే బంగారు కేస్ పోను మిగిలేది గుప్పెడు ఇత్తడీ ఉక్కూ.

ఆ ఇత్తడికీ ఉక్కుకూ అంత ధర ఎందుకో మినిట్ రిపీటర్‌ను చూస్తే తెలుస్తుంది. కేస్ పక్కనున్న స్లైడ్ జరపగానే అది సమయాన్ని మోగించి చెబుతుంది. మంద్ర స్వరంలో గంటలు, రెండు స్వరాల జంట దెబ్బలతో పావుగంటలు, హెచ్చు స్వరంలో మిగిలిన నిమిషాలు. అన్నిటికన్నా ఎక్కువసేపు మోగేది 12:59కి: 12 గంటలు, 3 పావుగంటలకు 6 దెబ్బలు, 14 నిమిషాలు, మొత్తం 32 దెబ్బలు. లోపల నత్తగుల్లలా మెట్లు కోసిన బిళ్ళలు మూడుంటాయి. గంటల బిళ్ళకు 12 మెట్లు, పావుగంటల దానికి 4, నిమిషాల దానికి నాలుగు చేతులు, ఒక్కో చేతికి 14 మెట్లు. స్లైడ్ జరిపినప్పుడు పళ్ళున్న మీటలు ఆ మెట్ల మీద వాలి, ఎంత లోతుకు దిగితే అన్ని దెబ్బలు కొట్టిస్తాయి. మెట్టు అంచు వెంట్రుకవాసి తేడాగా ఉన్నా 3:00కి మూడు గంటలు, ఆపైన మూడు పావుగంటలు, 14 నిమిషాలు మోగి కూర్చుంటుంది.

మోగేవి గుడిగంటల్లాంటివి కావు, మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) చుట్టూ వంచిన సన్నటి ఉక్కు తీగలు. వాటిని కొద్దికొద్దిగా ఆకురాయితో రుద్ది శ్రుతి చేస్తారు. ఎక్కువ అరిగితే తీగ వృథా, మళ్ళీ కొత్తది. కేస్ లోహమూ ధ్వనిని మారుస్తుంది. ప్లాటినం బరువుగా ఉండి నాదాన్ని మింగేస్తుంది, రోజ్ గోల్డ్ నిండుగా పలికిస్తుంది. ఇక వాడేవారు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది: మోగుతుండగా క్రౌన్ (కేస్ పక్కనుండే తిప్పే బొడిపె) లాగి ముళ్ళు తిప్పడం. మీటలు మెట్ల మీద ఉండగానే బిళ్ళ తిరిగితే పళ్ళు విరుగుతాయి. మోత పూర్తిగా ఆగాకే క్రౌన్ ముట్టాలి. స్లైడ్ ఉన్న రిపీటర్లు చాలావరకు తేమకే తట్టుకుంటాయి, నీటికి కాదు.

నెలల పొడవూ లీపు సంవత్సరాలూ తానే చూసుకుని తేదీ మార్చే పర్పెచ్యువల్ క్యాలెండర్ తెలివి కూడా ఇలాంటి ఒక బిళ్ళలోనే ఉంది. సంప్రదాయ పద్ధతిలో అది నాలుగేళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది, అంచున 48 నెలలకు 48 స్థానాలు. 31 రోజుల నెలకు గాడి ఉండదు, 30 రోజులకు చిన్న గాడి, ఫిబ్రవరికి లోతైన గాడి, లీపు ఫిబ్రవరికి అంతకన్నా కొంచెం తక్కువ లోతు. 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి ఆ మార్చి 1న తేదీని చేత్తో సరిచేయాలి. దీన్ని పాడుచేసేది రాత్రివేళ సర్దుబాటు. సుమారు రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 4 దాకా తేదీ మార్చే చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అప్పుడు కేస్ పక్కనున్న బొత్తాం నొక్కితే పన్ను వంగుతుంది, లేదా విరుగుతుంది. ముళ్ళను ఉదయం 10 ప్రాంతానికి తిప్పి, గడియారంతో ఇచ్చిన పుల్లతోనే నొక్కాలి. పిన్నీసు వాడితే కేస్ మీద గీత పడుతుంది.

టూర్బియాన్ గురించి రెండు మాటలు చాలు. 1801లో గడియారాల తయారీదారు బ్రెగే పేటెంట్ పొందినప్పుడు అది జేబులో నిలువుగా ఉండే గడియారానికి మందు. గడియారం వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ చక్రాన్ని పంజరంతో సహా తిప్పి, నిలువు స్థితుల్లో వచ్చే తప్పును సరాసరి చేస్తుంది. రోజంతా భంగిమ మారే మణికట్టు మీద ఆ లాభం చాలా తక్కువ. అక్కడ డబ్బు పెట్టేది పనితనానికే.

పాత గడియారాల సంగతి వేరు. వాటిలో యంత్రం కన్నా ముట్టుకోని స్థితికే విలువ. 1941లో మొదలై సుమారు 281 మాత్రమే తయారైన పటేక్ మోడల్ 1518లో స్టీల్‌వి నాలుగే తెలుసు. వాటిలో ఒకటి 2016లో 1.1 కోట్ల ఫ్రాంకులు తెచ్చింది. ఇలాంటిదాన్ని మెరుగు పెట్టిస్తే పోయిన లోహం తిరిగి రాదు. పట్టీ తగిలించే కొమ్ముల అంచులు గుండ్రబడతాయి, వెనకవైపు ముద్రలు పలచబడతాయి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ‘పాలిష్ వద్దు, డయల్ గానీ ముళ్ళు గానీ మార్చవద్దు’ అని కాగితం మీద రాయించండి. తప్పక మార్చిన భాగాన్ని వెనక్కి అడిగి తీసుకోండి.

కొనేముందు డయల్ మీది వెలుగు గుర్తుల మీద యూవీ లైటు వేసి ఆర్పేయండి. దశాబ్దాల నాటి రేడియం పూత వెంటనే ఆరిపోవాలి. చాలాసేపు వెలిగితే కొత్తగా పూసినట్టే. చుక్కలు ఒకలా, ముళ్ళు ఒకలా వెలిగితే వాటిలో ఏదో ఒకటి మారింది. పటేక్ అయితే కంపెనీ రికార్డుల నకలు తెప్పించి అందులోని మూవ్‌మెంట్ నంబరు, కేస్ నంబరు రెండూ గడియారం విప్పించి సరిచూడాలి.

వేలంలో సుత్తి పడిన ధర చివరి ధర కాదు. 2017లో న్యూయార్క్‌లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనాకు సుత్తి 1.55 కోట్ల డాలర్ల దగ్గర పడింది. కొనుగోలుదారు రుసుము కలిపాక బిల్లు 1,77,52,500 డాలర్లు. అంటే పాట మీద ఇంకో 22.5 లక్షలకు పైగా. పన్నులు ఆపైన. మీ పై హద్దును రుసుముతో కలిపి లెక్కగట్టుకుని గదిలో అడుగుపెట్టండి.